జ్యూరిచ్‌లో ఒక్క సెమిస్టర్: ఫీజు లేదు సరే, డబ్బంతా ఎక్కడ పోతుంది?

స్టూడెంట్ ఎక్స్ఛేంజ్‌కి, అంటే ఇక్కడి డిగ్రీ మధ్యలో ఒక సెమిస్టర్ విదేశీ యూనివర్సిటీలో చదివి రావడానికి సెలెక్ట్ అయ్యారు, అక్కడ ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు, ఇక్కడి కాలేజీకి కట్టేదే చాలు అని తెలియగానే ఇంట్లో సగం టెన్షన్ దిగిపోతుంది. మాట నిజమే, కానీ ఆ మినహాయింపు విలువ దేశాన్ని బట్టి మారిపోతుంది, ఇది చాలామంది ఆలోచించరు. అమెరికాలో ప్రైవేట్ యూనివర్సిటీకి ఎక్స్ఛేంజ్ మీద వెళ్తే ఒక్క సెమిస్టర్‌కే లక్షల్లో ఫీజు మిగిలినట్టు. స్విట్జర్లాండ్‌లో అలా కాదు. అక్కడి జ్యూరిచ్ నగరంలో ఉన్న టెక్నికల్ యూనివర్సిటీ ఈటీహెచ్‌లో ఏళ్ల తరబడి సెమిస్టర్ ఫీజు 730 ఫ్రాంకులే ఉండేది, స్వదేశీ విదేశీ తేడా లేకుండా. 2025 ఆటమ్ నుంచి కొత్తగా చేరే విదేశీ స్టూడెంట్స్‌కి దాన్ని మూడింతలు చేసి 2,190 చేశారు, దాని మీద అక్కడ పెద్ద గోలే నడిచింది. ఎక్స్ఛేంజ్‌లో వెళ్లేవాళ్లకి ఇదేమీ వర్తించదు. కానీ పెరిగిన ఫీజే తీసుకున్నా అది జ్యూరిచ్‌లో నెలన్నర బతకడానికయ్యే ఖర్చు, అంతే. అంటే ఆ దేశంలో చదువు చవక, బతుకు ఖరీదు, ఎక్స్ఛేంజ్ పేరుతో మనకి మాఫీ అయ్యేది చవకగా ఉన్న ముక్క.

మరి బతుకు ఖర్చు ఎంత అంటే, స్టూడెంట్ హాస్టల్లోనో షేరింగ్ ఫ్లాట్‌లోనో రూమ్, ఇంట్లో వంట, ఇన్సూరెన్స్, లోకల్ పాస్, ఫోన్ అన్నీ కలిపి జ్యూరిచ్‌లో నెలకి 1,500 నుంచి 1,800 ఫ్రాంకులు. ఫ్రాంక్ వంద రూపాయలు ఎప్పుడో దాటేసింది కాబట్టి లక్షన్నర పైమాటే, రెండు లక్షలకీ చేరొచ్చు. ఈ అంకె చూసి భయపడటం మామూలే గానీ అసలు దెబ్బ ఇక్కడ కాదు. కాఫీ ఐదు ఫ్రాంకులు, మెక్‌డొనాల్డ్స్ బర్గర్ ప్రపంచంలోనే ఖరీదైనది లాంటి కబుర్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి, వాటిని తప్పించుకోవడం పెద్ద విషయం కాదు, తాగకపోతే సరి, తినకపోతే సరి. తప్పించుకోలేనివి వేరే ఉన్నాయి, అవి దేశం ఖరీదైనది కావడం వల్ల వచ్చేవి కావు, ఉండేది ఐదారు నెలలే కావడం వల్ల వచ్చేవి. రెండేళ్ల మాస్టర్స్‌కి వెళ్లినవాడు ఇరవై నాలుగు నెలల మీద పరుచుకునే ఖర్చుని ఎక్స్ఛేంజ్ స్టూడెంట్ ఐదు నెలల్లో మింగాలి.

ముందు సంపాదన సంగతి. మన తెలుగు ఇళ్లల్లో విదేశీ చదువు అంటే అమెరికా ఎంఎస్ లెక్కే తలలో ఉంటుంది, మొదట కొంచెం కష్టపడి డబ్బు సర్దుకుంటే తర్వాత క్యాంపస్ జాబో, బయట పార్ట్‌టైమో చేసుకుని వాడి ఖర్చులు వాడే చూసుకుంటాడు అని. స్విట్జర్లాండ్‌లో ఈ లెక్క మొదటి నెలలోనే బోర్లా పడుతుంది. యూరోపియన్ దేశాల బయట నుంచి వచ్చిన స్టూడెంట్ అక్కడికి చేరిన మొదటి ఆరు నెలలు పని చెయ్యడానికి లేదు, ఆ తర్వాత కూడా సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 15 గంటలే. ఒక్క సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ అంటే ఐదారు నెలలు, అంటే పర్మిషన్ వచ్చే టైముకి రిటర్న్ ఫ్లైట్ కూడా వచ్చేస్తుంది. కాబట్టి ఆదాయం సున్నా అనుకునే బయల్దేరాలి, అక్కడికెళ్లాక ఏదో ఒకటి దొరుకుతుందిలే అనే ధీమా ఇక్కడ పనికిరాదు. పోల్చి చూస్తే నార్వే కూడా ఖరీదైనదే గానీ అక్కడ వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్‌కి వీలుంది, బయటి దేశాల వాళ్లకి 2023 ఆటమ్ నుంచి ట్యూషన్ ఫీజు పెట్టినా ఎక్స్ఛేంజ్ వాళ్లని అందులోంచి వదిలేశారు. కాలేజీ లిస్టులో రెండు దేశాలూ ఉంటే ర్యాంకింగ్ ఒక్కటే చూసి టిక్ పెట్టకుండా ఈ రూలు కూడా చూసుకోవాలి.

డబ్బు చూపించే తతంగం ఇంకొకటి. జ్యూరిచ్ కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) వాళ్లు ఏడాదికి 21,000 ఫ్రాంకులు ఉన్నట్టు రుజువు అడుగుతారు, సెమిస్టర్‌కైతే ఆ దామాషాలో. ఇది కట్టే ఫీజు కాదు, ఖాతాలో ఉన్నట్టు చూపించే డబ్బు, అయినా ముందు ఎక్కడో చోట పుట్టాలిగా. ఇక్కడ మనవాళ్లకి చిక్కొస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ స్కీములు ఎక్కువగా డిగ్రీ అడ్మిషన్ లెటర్ చుట్టూ రాసుకున్నవి, ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ లెటర్ పట్టుకెళ్తే బ్యాంకు మేనేజర్ దాన్ని ఏ ఖానాలో వెయ్యాలో తెలియక పక్కన పెడతాడు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు మీద ఉన్న స్కీము, ఇవన్నీ విదేశంలో పూర్తి పీజీ చేసేవాళ్లకి ఇచ్చేవి, బీటెక్ మధ్యలో ఆర్నెల్లు వెళ్లొచ్చేవాళ్లకి కాదు. దాంతో చివరికి నాన్నగారి ఎఫ్‌డీ, లేదంటే గోల్డ్ లోన్. పేరుకి ఎక్స్ఛేంజ్ అందరికీ ఓపెన్, సీట్లు మెరిట్ మీదే ఇస్తారు, నిజానికి ఇంట్లో పది లక్షలు కదిలించగలిగే వాళ్ల మధ్యే ఆ మెరిట్ లిస్టు తిరుగుతుంది. ఈ ముక్క కాలేజీల ఇంటర్నేషనల్ ఆఫీసులు బ్రోచర్లలో రాయవు.

స్కాలర్‌షిప్ లేదా అంటే, దానికి చిన్న చరిత్ర ఉంది. యూరప్‌లో ఎక్స్ఛేంజ్ అనగానే అందరూ చెప్పే పేరు ఎరాస్మస్, యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చి నడిపే స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ పథకం. 2014 ఫిబ్రవరి 9న స్విస్ ప్రజలు వలసలకి పరిమితి పెట్టాలని స్వల్ప మెజారిటీతో ఓటేశారు, దాని తర్వాత యూరోపియన్ యూనియన్‌తో మాటలు చెడి ఆ దేశం ఎరాస్మస్ నుంచి బయటపడింది, సొంతంగా ఇంకో ప్రోగ్రాం పెట్టుకుంది గానీ అది ప్రధానంగా యూరప్ దేశాల మధ్య తిరిగే స్టూడెంట్స్ కోసం. 2027 నుంచి మళ్లీ ఎరాస్మస్‌లో చేరడానికి ఒప్పందం కుదిరింది. ఈలోపు ఇండియా నుంచి వెళ్లేవాడికి ఎరాస్మస్ కింద స్టైపెండ్ కావాలంటే మన కాలేజీకి డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చోట ఉన్న యూనివర్సిటీతో ఆ పథకం కింద ప్రత్యేకంగా ఒప్పందం ఉండాలి, అలా ఉంటే నెలకి ఎనిమిది తొమ్మిది వందల యూరోల స్థాయిలో వస్తుంది, టికెట్‌కి కూడా కొంత ఇస్తారు. ఉత్త ఎంఓయూ, అంటే కాలేజీల మధ్య సహకార ఒప్పంద పత్రం, ఉన్నంత మాత్రాన ఆ డబ్బు రాదు. ఎంఓయూలు మన కాలేజీల గోడల మీద ఫోటోల్లో బోలెడు, ఫండింగ్ ఉన్నది ఏదని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక రూమ్. జ్యూరిచ్‌లో ఖాళీ ఇళ్లు ఎప్పుడూ కరువే, అక్కడి ఉద్యోగస్తులే నెలల తరబడి వెతుకుతారు. స్టూడెంట్స్ కోసం వోకో అని ఒక సంస్థ ఉంది, దాని రూములు బయటితో పోలిస్తే బాగా చవక, ఆరేడు వందల ఫ్రాంకుల్లో దొరుకుతాయి, యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసు ద్వారా ఎక్స్ఛేంజ్ వాళ్లకి కొన్ని పక్కన పెడతారు కూడా. అప్లికేషన్ ఓపెన్ అయిన రోజే పెట్టినవాడికీ, వీసా వచ్చాక చూద్దాంలే అనుకున్నవాడికీ మధ్య తేడా నెలకి మూడు నాలుగు వందల ఫ్రాంకులు. ఐదు నెలలకి అది లెక్కేస్తే ఒక ఫ్లైట్ టికెట్ రెండు సార్లు కొనొచ్చు. లొసాన్ నగరంలో ఉన్న ఇంకో టెక్నికల్ యూనివర్సిటీ ఈపీఎఫ్ఎల్‌కి వెళ్లేవాళ్లకి ఎఫ్‌ఎంఈఎల్ అని వేరే సంస్థ, అక్కడా ఇదే కథ.

హాస్టల్ రాకపోతే మిగిలిన దారి షేరింగ్ ఫ్లాట్, అక్కడ వేగే అంటారు. ఇక్కడ ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌కి ఒక విషయం కలిసొస్తుంది, చాలామందికి తెలియదు. అక్కడి స్టూడెంట్స్ కూడా సరిగ్గా ఆ సెమిస్టర్‌కే ఎక్కడికో ఎక్స్ఛేంజ్‌కో ఇంటర్న్‌షిప్‌కో వెళ్తుంటారు, వాళ్ల రూమ్‌ని మంచం, టేబుల్, దుప్పట్లతో సహా ఐదారు నెలలకి సబ్‌లెట్ ఇచ్చి పోతారు. ఏడాది లీజు అక్కర్లేదు, ఫర్నిచర్ కొనక్కర్లేదు. కాకపోతే ఆ రూమ్ ఇంటి ఓనర్ ఇచ్చేది కాదు, మిగతా రూమ్మేట్స్ ఒప్పుకోవాలి, దానికి ఓ చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది, వీడియో కాల్‌లోనైనా సరే. ఎన్నింటికి పడుకుంటావ్, పార్టీలు ఇష్టమా, కలిసి వండుకోవడం ఇష్టమా, శుభ్రం సంగతేంటి, ఇవే ప్రశ్నలు. మనవాళ్లు దీన్ని హెచ్‌ఆర్ రౌండ్‌లా తీసుకుని సీజీపీఏ చెప్పడం మొదలుపెడతారు, అక్కడ వాళ్లకి అది అవసరం లేదు, వారానికోసారి అందరికీ పప్పు, చారు పెడతానంటే ఛాన్సు పెరుగుతుంది. మోసాలు కూడా ఈ సీజన్లోనే ఎక్కువ, సెంటర్‌లో పెద్ద రూమ్ ఐదొందలకే ఇస్తా, ఊళ్లో లేను, డిపాజిట్ ముందు పంపు తాళం కొరియర్ చేస్తా అన్నాడంటే వంద శాతం దొంగే. డిపాజిట్ విషయానికొస్తే చట్టం ప్రకారం మూడు నెలల అద్దెకి మించి అడగకూడదు, కానీ మూడు నెలలే అడిగినా రెండు వేల ఫ్రాంకులు దాటుతుంది, అది వెళ్లిన మొదటి వారంలోనే కావాలి.

మొదటి నెల బడ్జెట్ మిగతా నాలుగు నెలల్లా ఉండదు అని ఎందుకంటారంటే ఇందుకే. దిగిన 14 రోజుల్లోపు ఆ ఏరియా రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి, రెసిడెన్స్ పర్మిట్ ఫీజు, బయోమెట్రిక్ ఫీజు కూడా అప్పుడే కట్టాలి. చెత్త కూడా ఊరికే పారెయ్యడానికి లేదు, నగరం అమ్మే ప్రత్యేకమైన సంచుల్లోనే వెయ్యాలి, ఒక్కో మామూలు సైజు సంచి రెండు ఫ్రాంకుల దాకా ఉంటుంది, మామూలు కవర్లో వేసి పెడితే లోపలి కాగితాలు వెతికి అడ్రస్ పట్టుకుని ఫైన్ పంపిన సందర్భాలూ ఉంటాయి. టీవీ లేకపోయినా ప్రతి ఇంటికీ రేడియో టీవీ ఫీజు ఏడాదికి 335 ఫ్రాంకులు, షేరింగ్ ఫ్లాట్ అయితే అందరూ పంచుకుంటారు కాబట్టి ఫర్వాలేదు.

వీటన్నిటికన్నా పెద్దది హెల్త్ ఇన్సూరెన్స్, ఇక్కడ అజాగ్రత్తగా ఉంటే నిజంగా మునుగుతారు. స్విట్జర్లాండ్‌లో ఉండేవాళ్లందరికీ వచ్చిన మూడు నెలల్లోపు అక్కడి బేసిక్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, పెద్దవాళ్లకి సగటున నెలకి నాలుగు వందల ఫ్రాంకుల పైనే. స్టూడెంట్స్‌కి దీన్నుంచి మినహాయింపు ఉంది, విదేశీ స్టూడెంట్స్ కోసమే అమ్మే ప్లాన్లు అందులో నాలుగో వంతుకో ఇంకా తక్కువకో దొరుకుతాయి. కానీ మినహాయింపు దానంతట అది రాదు, అప్లికేషన్ పెట్టాలి. దీని గురించి అక్కడి ఆఫీసు పంపే ఉత్తరం జర్మన్‌లో వస్తుంది, కవర్ చూసి బ్యాంకు వాళ్ల అడ్వర్టైజ్‌మెంట్ అనుకుని డ్రాయర్లో పడేస్తారు, గడువు దాటితే ఆఫీసు వాళ్లే ఏదో ఒక కంపెనీకి పేరు రాసేస్తారు, అప్పుడు పూర్తి ప్రీమియం. ఇండియాలో కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ వీసా దాకా పనికొస్తుందేమో గానీ దీనికి చాలదు. జ్యూరిచ్‌లో పోస్ట్ డబ్బాలో వచ్చే ప్రతి కాగితాన్నీ ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి చదవడం అనేది అలవాటు చేసుకోవాల్సిన మొదటి పని.

తిండి దగ్గర మాత్రం మనవాళ్లు సాధారణంగా గెలుస్తారు. స్టూడెంట్ కార్డు ఉంటే యూనివర్సిటీ మెన్సాలో (క్యాంటీన్‌లో) పూట భోజనం ఆరు నుంచి ఎనిమిది ఫ్రాంకుల్లో అయిపోతుంది, బయట డోనర్ కెబాబ్‌కే అంతకన్నా ఎక్కువ. మధ్యాహ్నం అక్కడ, రాత్రి ఇంట్లో అన్నం అంటే నెలకి మూడు నాలుగు వందల్లో సర్దుకోవచ్చు. ఆల్డీ, లిడిల్, డెన్నర్ చవక షాపులు, మీగ్రో, కూప్‌లో కూడా వాళ్ల సొంత బడ్జెట్ బ్రాండ్లు ఉంటాయి, కింది అరల్లో పెడతారు, కళ్లకెదురుగా ఉండేవన్నీ ఖరీదైనవే. ఆదివారం షాపులు మూత, రైల్వే స్టేషన్లో ఉన్నవి తప్ప, అందుకే శనివారం సాయంత్రం మూసే ముందు పాడయ్యే సరుకు మీద సగం ధర స్టిక్కర్లు అంటిస్తారు, బ్రెడ్, పెరుగు, చికెన్ అన్నీ. ఆ అరగంట ఎప్పుడో కనిపెట్టినవాడికి వారం గడిచిపోతుంది. ఇక కందిపప్పు, కరివేపాకు, సోనామసూరి, చింతపండు కావాలంటే శ్రీలంక తమిళుల షాపులున్నాయి, అంతర్యుద్ధం రోజుల్లో వచ్చి స్థిరపడిన తమిళులు ఆ దేశంలో వేలల్లో ఉన్నారు, జ్యూరిచ్‌లో లాంగ్‌స్ట్రాసె అనే వీధి చుట్టుపక్కల వాళ్ల కొట్లు కనిపిస్తాయి. ప్రెషర్ కుక్కర్ మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్లడం మేలు. నీళ్ల సీసా కొనడం శుద్ధ దండగ, ఊళ్లో 1,200కి పైగా ఫౌంటెన్లు ఉన్నాయి, ఎక్కడైనా పట్టుకుని తాగొచ్చు.

జర్మనీ బోర్డర్ దాటి కాన్‌స్టాన్జ్‌లో సరుకులు కొనుక్కురావడం అనే సలహా ప్రతి సీనియర్ ఇస్తాడు. అక్కడ ధరలు తక్కువే, యాభై యూరోలు దాటితే జర్మన్ ట్యాక్స్ కూడా వెనక్కొస్తుంది, కానీ దానికి స్విట్జర్లాండ్‌లో ఉంటున్నట్టు పర్మిట్ చూపించి కస్టమ్స్‌లో స్టాంపు వేయించుకోవాలి, పర్మిట్ కార్డు చేతికొచ్చేసరికే కొన్ని వారాలు. తిరిగొచ్చేటప్పుడు 2025 నుంచి మనిషికి 150 ఫ్రాంకుల సరుకు దాకానే పన్ను లేకుండా వదులుతారు, అంతకు ముందు 300 ఉండేది, మాంసమైతే కిలోకి మించకూడదు. రానూపోనూ రైలు టికెట్ తీసేస్తే ఒక్కడికి మిగిలేది పెద్దగా ఏం లేదు, నలుగురు కలిసి నెలకోసారి వెళ్తే ఏమో గానీ.

రైళ్ల గురించి ఒకటే. హాఫ్ ఫేర్ కార్డు తీసుకుంటే టికెట్లన్నీ దాదాపు సగానికొస్తాయి, ఏడాదికి 190 ఫ్రాంకులు, 25 ఏళ్లలోపు వాళ్లకి ఇంకా తక్కువ, జ్యూరిచ్ నుంచి బెర్న్‌కి నాలుగు సార్లు వెళ్లొస్తే డబ్బు తీరిపోతుంది కాబట్టి ఐదు నెలలకైనా గిట్టుబాటే. కాకపోతే ఏడాది అవ్వగానే అది ఆటోమేటిగ్గా రెన్యూ అయిపోతుంది, ఇండియా వచ్చేసి అన్నీ మర్చిపోయాక బిల్లు మెయిల్ వస్తుంది, ముందే క్యాన్సిల్ పెట్టాలి. టికెట్ లేకుండా దొరికితే మొదటిసారే వంద ఫ్రాంకులు, స్టూడెంట్ అని జాలి పడరు.

ఇప్పుడు అసలైన విషయం, ఎవరూ ఖర్చు కింద రాసుకోనిది: పరీక్షల తేదీలు. ఈటీహెచ్‌లో ఆటమ్ సెమిస్టర్ సెప్టెంబర్ మధ్యలో మొదలై క్రిస్మస్ ముందు క్లాసులు అయిపోతాయి. కానీ చాలా కోర్సుల పరీక్ష అప్పుడు ఉండదు, సెషన్ ఎగ్జామ్ అని జనవరి చివర్లో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తుంది. స్ప్రింగ్ సెమిస్టర్‌కైతే ఇంకా ఘోరం, క్లాసులు మే చివర, జూన్ మొదట్లో అయిపోతే సెషన్ పరీక్షలు ఆగస్టులో. కొన్ని కోర్సులకి మాత్రం సెమిస్టర్ చివరే పరీక్ష పెడతారు, కొన్నిటికి ప్రాజెక్టు, రిపోర్టుతో సరిపోతుంది. కోర్సు కేటలాగ్‌లో ప్రతి కోర్సు కింద ఏ రకం పరీక్షో రాసే ఉంటుంది, సిలబస్ చదివినవాడు ఆ ఒక్క లైను చదవడు. నాలుగు కోర్సుల్లో ఒక్కటి సెషన్ ఎగ్జామ్ ఉన్నది పడితే ఆ ఒక్క పరీక్ష కోసం రెండు నెలల అద్దె, తిండి, ఇన్సూరెన్స్, అంటే మూడు వేల ఫ్రాంకులు. ఐదారు క్రెడిట్ల కోసం మూడు లక్షల రూపాయలు పెట్టినట్టు. పైగా మన దగ్గర ఈవెన్ సెమిస్టర్ జనవరి మొదట్లోనే స్టార్ట్ అయిపోతుంది, అక్కడ ఫిబ్రవరిలో పరీక్ష రాస్తుంటే ఇక్కడ అటెండెన్స్ పోతూ ఉంటుంది. పరీక్ష ముందుగానో, ఇండియా నుంచే రాసేలాగో పెట్టమని ప్రొఫెసర్‌ని అడిగి చూడొచ్చు, ఇచ్చి తీరాలన్న రూలేం లేదు, సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో అడిగితే ఒప్పుకునే ఛాన్సు ఉంటుంది, డిసెంబర్లో అడిగితే ఉండదు.

కోర్సుల ఎంపికలో ఇంకో ముడి, బ్యాచిలర్ స్థాయి క్లాసులు ఎక్కువగా జర్మన్‌లో, లొసాన్‌లో ఫ్రెంచ్‌లో. ఇంగ్లిష్‌లో ఉండేవి మాస్టర్స్ కోర్సులు. కాబట్టి మూడో ఏడాది బీటెక్ స్టూడెంట్ వెళ్లి కూర్చునేది మాస్టర్స్ క్లాసులో, పక్కన ఉన్నవాళ్లకి మ్యాథ్స్ పునాది గట్టిగా ఉంటుంది, వారం వారం ఇచ్చే ప్రాబ్లం షీట్లు మన ఇంటర్నల్స్‌లా ఉండవు. ఇది తెలిసి వెళ్తే మంచిదే, నిజానికి ఎక్స్ఛేంజ్‌లో డబ్బుకి తగ్గ విలువ వచ్చేది ఇక్కడే, ఆ క్లాసుల్లో, ల్యాబ్‌లో సెమిస్టర్ ప్రాజెక్టులో. తర్వాత అక్కడే మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో అప్లై చెయ్యాలనుకునేవాళ్లకి ఆ ప్రాజెక్టు చేయించిన ప్రొఫెసర్ రాసే రికమెండేషన్ లెటర్ ఒక్కటే ఈ ఖర్చుని సమర్థిస్తుంది. ఆ ఉద్దేశం లేకుండా ఆల్ప్స్ ముందు ఫోటోలు, రెజ్యూమేలో ఒక లైను కోసం అయితే తొమ్మిది పది లక్షలు చాలా ఎక్కువ రేటు, నిర్మొహమాటంగా చెప్పాలంటే ఆ డబ్బుతో జర్మనీలోనో చెక్ రిపబ్లిక్‌లోనో ఎక్స్ఛేంజ్ చేసి మిగిలిన దాంతో స్విట్జర్లాండ్‌ని వారం రోజులు చూసి రావచ్చు. ఇక నాలుగో ఏడాది ఆటమ్‌లో వెళ్తే ఇక్కడ ప్లేస్‌మెంట్ సీజన్ మొత్తం మిస్ అవుతుంది, ఐఐటీల్లో డిసెంబర్ 1నే మొదలవుతుంది కదా, కాబట్టి మూడో ఏడాదే సరైన టైము.

వచ్చేసేటప్పుడు కూడా కొన్ని పనులున్నాయి, వీటికి ఫ్లైట్ ముందు కనీసం పది రోజులు ఉంచుకోవాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లి పేరు తీయించుకోవాలి, ఆ కాగితం ఉంటేనే ఇన్సూరెన్స్, ఫోన్ కాంట్రాక్ట్ ఆపుతారు. రూమ్ అప్పగింత అక్కడ చాలా సీరియస్ వ్యవహారం, ఓవెన్ లోపల మరక, బాత్రూమ్ కుళాయి మీద సున్నం పొర కూడా చూస్తారు, మన పోపుల జిడ్డు స్టవ్ వెనక గోడ మీద ఉంటే క్లీనింగ్ డబ్బులు డిపాజిట్‌లోంచి కట్ అవుతాయి. మిగిలిన డిపాజిట్ వెంటనే చేతికి రాదు, వారాలు పడుతుంది, అందుకని అక్కడి బ్యాంకు అకౌంట్‌ని తొందరపడి మూసెయ్యకూడదు, ఇండియన్ అకౌంట్ నంబర్ ఇచ్చినా కొందరు పంపరు. ట్రాన్స్‌క్రిప్ట్ సెషన్ పరీక్షల రిజల్ట్స్ వచ్చాకే తయారవుతుంది, ఇక్కడి కాలేజీ క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ కమిటీకి దాంతో పాటు ప్రతి కోర్సు సిలబస్ కాపీ కూడా కావాలి, అది అక్కడ లాగిన్ పనిచేస్తున్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.